రెండు నడుములకు ఒక బెల్టు

పల్నాడు వెళ్తున్నానంటే మా అమలాపురంలో అందరూ ఒకే మాట అన్నారు, జాగ్రత్త అని. ఎందుకు జాగ్రత్త అని అడిగితే ఎవరూ చెప్పలేదు. వాళ్ళలో ఒక్కరూ అటువైపు వెళ్ళినవాళ్ళు కాదు. నేను మూడు రోజులు ఉండి వచ్చాను కాబట్టి, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది: ఇందులో కత్తులు లేవు, బాంబులు లేవు. ఒక బెల్టు ఉంది. గొడవంతా దాని గురించే.

నేను ఫిజియోథెరపీ చదివాను. గుంటూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్ళ నడక మీద పరిశోధన చేస్తుంటే అందులో చేరాను. ఊళ్ళు తిరిగి, పెద్దవాళ్ళు నడుస్తుంటే పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడటం నా పని. మా నాన్న చుట్టాలందరికీ నన్ను సైంటిస్టు అని చెబుతున్నాడు. నేను ఖండించలేదు.

ఈ జబ్బంటే చేతులు వణకటమేనని చాలామంది అనుకుంటారు. వణుకు పైకి కనిపించేది మాత్రమే. అసలు చిక్కు నడకలో ఉంది. నడుస్తూ నడుస్తూ మనిషి ఉన్నట్టుండి ఆగిపోతారు. గడప దగ్గర, మలుపు దగ్గర, జనం మధ్యలో. కాళ్ళలో బలం ఉంటుంది, వెళ్ళాలని మనసూ ఉంటుంది, పాదం మాత్రం నేలకు అంటించినట్టు ఉండిపోతుంది. అలాంటప్పుడు బయటినుంచి ఒక తాళం అందిస్తే అడుగు కదలవచ్చని ఒక ఆశ. మా బెల్టు అందుకే. నడుముకి కట్టుకుంటే దానికున్న చిన్న పెట్టె, అడుగుకొకసారి బుర్రుమంటుంది.

పరిశోధనలో సగం మందికి వ్యాయామాలతో పాటు బెల్టు ఇచ్చాం. మిగతా సగానికి వ్యాయామాలు మాత్రమే. వాళ్ళకు బెల్టు పరిశోధన ముగిశాక ఇస్తాం. ఎవరు ఎటన్నది లాటరీ. అలా చెయ్యకపోతే నడక బాగుపడింది బెల్టు వల్లో, వ్యాయామం వల్లో, మేం వచ్చి పలకరించడం వల్లో ఎప్పటికీ తేలదు. కాగితం మీద ఇది చాలా చక్కటి ఏర్పాటు. కాగితం మీద ఇరుగుపొరుగు ఉండరు.

నరసరావుపేట: బొట్టు పెట్టిన యంత్రం

మొదటి మజిలీ సుబ్బయ్య శెట్టిగారి కిరాణా కొట్టు. లాటరీలో ఆయనకు బెల్టు వచ్చింది. ఎలా పనిచేస్తోందని అడిగితే, ఆయన గల్లాపెట్టె పైనున్న దేవుడి అర వైపు చూపించారు. లక్ష్మీదేవి పటానికీ తూకం రాళ్ళకీ మధ్య మా బెల్టు కొలువై ఉంది. పసుపు, కుంకుమ, ఎండిన చేమంతులు.

"ఆయుధ పూజ రోజున పెట్టామండీ. మళ్ళా తియ్యబుద్ధి కాలా."

"అది కట్టుకుని నడవాలి గదండీ శెట్టిగారూ."

"చానా ఖరీదైన వస్తువంట గదా. రోజూ కడితే అరిగిపోదూ?"

అరగటానికే ఇచ్చామని చెప్పాను. ఆయన నా వంక జాలిగా చూశారు. సరుకు విలువ తెలియని కుర్రాడిని చూసే చూపు అది.

కుంకుమ మీటలోకి దిగి బిగుసుకుపోయింది. పాత టూత్‌బ్రష్ అడిగి శుభ్రం చేస్తూ కూర్చున్నాను. ఈలోగా ఆయన గల్లా దగ్గర్నుంచి వాకిలి వరకూ వచ్చి, గడప దగ్గర ఆగిపోయారు. కొట్టులో నలుగురు బేరగాళ్ళు ఉన్నారు. ఒక్కరూ అయ్యో అనలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఒకాయన కందిపప్పు చేతిలోకి తీసుకుని రాళ్ళున్నాయేమోనని చూడసాగాడు. ఇంకొకామె గోడమీది క్యాలెండర్ చదివింది. శెట్టిగారి పాదం కదిలాక వాళ్ళ చూపులు కూడా కదిలాయి. మా వైపు అయితే ఈపాటికి ముగ్గురు పట్టుకుని, నలుగురు సలహా చెప్పి, ఒకరు కళ్ళు తుడుచుకునేవారు.

బెల్టు కట్టి నేను బయల్దేరుతుంటే ఆయన అడిగారు, "ఇది రానోళ్ళు కూడా ఉన్నారా?"

"సగం మందికి రాలేదండీ. లాటరీ."

"నా బతుకులో లాటరీ తగలటం ఇదే మొదలు," అన్నారు శెట్టిగారు. "అది కూడా జబ్బుకి తగిలింది."

సాయంత్రం బజారులో మిరపకాయ బజ్జీ తిన్నాను. మా ఊళ్ళో బజ్జీలో వాము పెడతారు. ఇక్కడ కారం పెట్టారు. మిరపకాయలో కారం సరిపోదని ఎవరికి అనిపించిందో, ఆ మనిషిని ఒకసారి చూడాలని ఉంది. దూరం నుంచి.

గురజాల: కొత్త బెజ్జం

పిడుగురాళ్ళ దాటేసరికి సున్నపు బట్టీల ధర్మమా అని నా నల్ల బూట్లు తెల్లబడ్డాయి. మా వైపు కంచె అంటే కొబ్బరి మట్టలు. గురజాల చేరేసరికి కంచె కూడా రాయే. మనిషెత్తు నాపరాళ్ళు వరసగా నిలువునా పాతి గోడ అంటారు. నేను వెళ్ళిన రెండిళ్ళ మధ్య కూడా అలాంటి గోడే. దాంట్లో ఒక రాయి లేదు. ఆ సందులోంచి కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతుంటాయి.

అటువైపు రాహేలమ్మ గారు, ఎలిమెంటరీ స్కూల్ టీచరుగా రిటైరయ్యారు. ఇటువైపు కోటేశ్వరమ్మ గారు, మిర్చి పండించే ఇల్లు. చుట్టరికం లేకపోయినా వదినా వదినా అనుకుంటారు. జబ్బు ముందు కోటేశ్వరమ్మ గారికి వచ్చింది. ఆ తర్వాత టీచరమ్మ రాసే అక్షరాలు రోజురోజుకీ చిన్నవైపోవడం కనిపెట్టి, బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది కూడా ఆవిడే. "నాకు చదవటం రాదు గానీ అక్షరం సన్నబడితే తెలవదా అబ్బాయ్," అన్నారు. ఇద్దరూ ఒకే ఆటో మాట్లాడుకుని గుంటూరు ఆసుపత్రికి వచ్చి మా పరిశోధనలో చేరారు. లాటరీ కోటేశ్వరమ్మ గారికి బెల్టు ఇచ్చింది, రాహేలమ్మ గారికి ఇవ్వలేదు. ఆటో సంగతి లాటరీకి తెలియదు.

ముందు రాహేలమ్మ గారి నడక చూశాను. కుర్చీలోంచి లేచి, గేటు దాకా వెళ్ళి, తిరిగి రావాలి. కిందటిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు మలుపు దగ్గర అతుక్కుపోయారు. ఈసారి కాస్త తడబడి తిరిగేశారు. బెల్టు లేకుండానే ఇంత మార్పు. నేను స్టాప్‌వాచ్ ఆపేలోపు మనసులో ఒక పరిశోధనా వ్యాసం రాసేసి, రచయితల్లో నా పేరు మొదట పెట్టుకున్నాను.

ఆ తర్వాత గోడకిటు వచ్చి కోటేశ్వరమ్మ గారి నడక చూశాను. అంతే మార్పు, రవ్వంత ఎక్కువా కాదు తక్కువా కాదు. బెల్టు పరీక్షించబోతే దానికి మేమిచ్చినప్పుడు లేని బెజ్జం ఒకటి కనిపించింది.

"ఇదేంటండీ, ఈ బెజ్జం?"

"అదా. అది వదినది."

"వదినది అంటే?"

"నా నడుముకి సరిపోయేది దాని నడుముకి ఎట్టా సరిపోయిద్ది? మేకు కాల్చి పొడిచా."

గోడ సందులోంచి రాహేలమ్మ గారి తల కనిపించింది. "నా నడుం సంగతి ఆ అబ్బాయికి ఎందుకమ్మా?"

"తిన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?" అన్నారు కోటేశ్వరమ్మ గారు. తర్వాత నాకు ఏర్పాటు వివరించారు. ఒకరోజు ఈవిడకి, ఒకరోజు ఆవిడకి. ఆదివారం మాత్రం ఎప్పుడూ రాహేలమ్మ గారిదే. "చర్చి ఉంటది గదా మరి." మొదటి వారం నుంచీ ఇదే పద్ధతి. ఎవరి దగ్గరా దాచలేదు, నేను అడగలేదు గనక చెప్పలేదు.

నా పరిశోధనా వ్యాసం పుట్టినంత తొందరగానే పోయింది.

"టీచరుగారూ, మీరు బెల్టు వాడని గ్రూపండీ. సంతకం కూడా పెట్టారు."

"పెట్టాను. నా సర్వీసంతా ఏం చేశానో చెప్పనా? పుస్తకం ఒక్కటే ఉంటే ఇద్దరు పిల్లల్ని దగ్గర దగ్గర కూర్చోబెట్టా. ఒకడికే ఇచ్చి, రెండోవాడు ఫెయిలవుతాడో లేదో చూద్దామని కూర్చోలా."

"నిజానికి మేం చేస్తున్నది అదేనండీ," అన్నాను. పైకి అంటే వినడానికి అంత బాగా లేదు.

బెల్టు అందరికీ మేలు చేస్తుందని తెలిస్తే లాటరీ ఎందుకు వేస్తామని, తెలియకే వేశామని చెప్పుకొచ్చాను. ఇద్దరూ ఓపిగ్గా విన్నారు. కోటేశ్వరమ్మ గారు మధ్యలో లేచి అన్నం వండారు. భోజనంలో పండుమిరప పచ్చడి, గోంగూర, గట్టి పప్పు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, మీ ఊళ్ళో ఏం తింటారని అడిగారు. పనసపొట్టు కూరలో ఆవ పెడతామని, పులుసులో బెల్లం వేస్తామని చెప్పాను.

"పులుసులో బెల్లమా?" అన్నారు కోటేశ్వరమ్మ గారు. "మరి పాయసంలో ఏందేస్తారు, కారమా?"

చేయి కడుక్కున్నాక, ఈ సంగతి మేడంకి చెప్పక తప్పదన్నాను. మేడం అంటే ఈ పరిశోధన నడిపే డాక్టరు. నవ్వులు ఆగిపోయాయి.

"చెబితే ఏమయిద్ది?" అన్నారు కోటేశ్వరమ్మ గారు.

"టీచరుగారు వాడటం ఆపమంటారు. మీ ఇద్దరినీ తీసెయ్యొచ్చు కూడా."

రాహేలమ్మ గారు అసలు సంగతి అప్పుడు చెప్పారు. మర్నాడు నెల మొదటి ఆదివారం, చర్చిలో సంస్కారం ఇచ్చే రోజు. అందరూ వరసగా ముందుకెళ్ళి, మోకరించి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటారు. కిందటేడు ఆవిడ ఆ దారి మధ్యలో ఆగిపోయి, వెనకవాళ్ళు తగిలి పడిపోయారు. అప్పట్నుంచీ పాస్టరు గారే కుర్చీ దగ్గరికి తెచ్చి ఇస్తున్నారు.

"బాలింతకి పథ్యం తెచ్చినట్టు తెస్తన్నారు. మంచితనమే, కాదనను. కానీ అందరూ మోకాళ్ళ మీద ఉంటే నేనొక్కదాన్నీ కుర్చీలో, పరీక్షలప్పుడు ఇన్విజిలేటర్ లాగా. రేపు నేనే వస్తా, నా దగ్గరికి తేవొద్దని అయ్యగారికి చెప్పేశా."

నేను స్టాప్‌వాచ్ సంచిలో పెట్టుకున్నాను. అనడానికి నా దగ్గర బెల్లం పులుసు లాంటి మాటలే ఉన్నాయి.

మాచర్ల: ఫోను

మాచర్లలో నేను చూడాల్సిన పెద్దాయన ఇంట్లో లేరు. కృష్ణ అవతల, తెలంగాణలో ఏదో పెళ్ళికి వెళ్ళారు. బెల్టు కూడా పెళ్ళికి వెళ్ళింది. అందరికీ చూపించడానికట. నేను టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. టీ పది రూపాయలు. గ్లాసు ఎంత చిన్నదంటే, టీ తాగడమా రుచి చూడడమా అనేది తేల్చుకునేలోపు అయిపోయింది. మేడంకి ఫోన్ చేశాను.

అంతా విని మేడం చాలాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమోనని ఆశపడ్డాను.

"సగం సగం పంచుకున్నారా?"

"ఆదివారాలు మినహాయిస్తే అంతేనండి."

ఆవిడ నవ్వారో నిట్టూర్చారో ఫోనులో తెలియలేదు. "పక్కపక్క ఇళ్ళవాళ్ళని చెరో గ్రూపులో పడనివ్వటం మన తెలివితక్కువతనం. వాళ్ళది కాదు. తీసెయ్యటాలు ఏమీ ఉండవు. లాటరీలో ఎటు పడ్డారో అటే లెక్కేస్తాం, జరిగింది జరిగినట్టు నమోదు చేస్తాం. కానీ ఇప్పట్నుంచి బెల్టు ఒక్కరి దగ్గరే ఉండాలి."

"ఎల్లుండి నుంచి అయితే బాగుంటుందేమోనండి," అన్నాను. ఎందుకో చెప్పాను.

"ఆవిడ బాధ నాకు అర్థమైంది. కానీ ఇవాళ ఈవిడ కోసం ఒక్క రోజు, రేపు ఇంకొకరి కోసం ఇంకో రోజు. ఆ బెల్టు పనిచేస్తుందో లేదో మనకే ఇంకా తెలియదు. తెలియని దాన్ని పట్టుకుని, ఇది ఉంటేనే నువ్వు నడవగలవని ఆవిడకి ఎలా చెబుతావు?"

నేను ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"నువ్వు మాత్రం పక్కన ఉండు," అన్నారు. "పడిపోకుండా చూడటం ఏ గ్రూపుకైనా మన పనే."

లాడ్జిలో నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. పట్టింది. బస్సు ప్రయాణాలకు అలిసిపోయి మొద్దులా పడుకున్నాను. కానీ పొద్దున గురజాల బస్సులో మాత్రం దారిపొడుగునా ఒకటే లెక్క వేసుకున్నాను. చర్చి అయిపోయాక వెళ్తే? అప్పుడు చెబితే చెప్పినట్టూ ఉంటుంది, ఆవిడ పనీ అయిపోతుంది. బస్సు ఆలస్యమైతే బాగుండునని నా జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. ఆలస్యం కాలేదు.

మళ్ళీ గురజాల: ఆదివారం

రాహేలమ్మ గారు తెల్ల చీర కట్టుకుని వసారాలో నిలబడి ఉన్నారు. కోటేశ్వరమ్మ గారు గోడ సందులోంచి వచ్చి, ఆవిడ నడుముకి బెల్టు బిగిస్తున్నారు. నన్ను చూడగానే ఆ చేతులు ఆగాయి.

"ఏమన్నారు మీ మేడం?" అని రాహేలమ్మ గారే అడిగారు.

ఎన్నో తెలివైన వాక్యాలు సిద్ధం చేసుకుని వచ్చాను. "ఇవాళ్టి నుంచి మీరు కట్టుకోకూడదన్నారండీ," అని మాత్రం అన్నాను.

"ఒక్క పూట ఆగలేకపోయావా అబ్బాయ్?" అన్నారు కోటేశ్వరమ్మ గారు. "నీ నోట్లో నువ్వుగింజ నానదా? బస్సు దొరకలేదంటే ఎవరన్నా కొడతారా నిన్ను?"

"ఉండు వదినా," అన్నారు రాహేలమ్మ గారు. బెల్టు తనే విప్పబోయారు. బకిల్ చిన్నది, వేళ్ళు మాట వినలేదు. సాయం చెయ్యబోతే వద్దన్నారు. అలాగే తంటాలు పడి విప్పి, కోటేశ్వరమ్మ గారి చేతిలో పెట్టారు. "చెప్పకుండా ఉండుంటే కట్టుకునేదాన్నే. చెప్పాడు గదా. దేవుడి దగ్గరికి కాపీ కొట్టి పోతానా?"

కోటేశ్వరమ్మ గారు దాన్ని తన నడుముకే కట్టుకుని మాతోపాటు బయల్దేరారు. ఆ దారిలో ఆవిడ నాతో మాట్లాడలేదు. పల్నాడులో మనిషి మాట్లాడకపోవటం మీద ఎవరైనా పరిశోధన చెయ్యాలి. గుచ్చుకుంటుంది.

చర్చి ముందు చెప్పుల కుప్ప. కోటేశ్వరమ్మ గారు ఆ కుప్ప పక్కన, వాకిట్లోనే నిలబడ్డారు. లోపల చాపల మీద ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు, మధ్యలో సన్నటి దారి. రాహేలమ్మ గారి కుర్చీ వెనక నేను నిలబడ్డాను. పాట మొదలైంది, తబలా అందుకుంది, జనం వరసగా లేచారు.

ఆవిడ లేచారు. బాగానే వెళ్ళారు. పీఠం నుంచి తిరిగి వచ్చేవాళ్ళు ఎదురైన చోట ఆగిపోయారు. సరిగ్గా మేం పుస్తకాల్లో చదువుకున్నట్టే. పాదాలు నేలను పట్టుకున్నాయి, ఒళ్ళు ముందుకు వాలుతోంది. నేను రెండడుగుల్లో ఆవిడ వెనక్కి చేరాను, పట్టుకోలేదు. ఎదురుగా ఉన్న పాస్టరు గారు చూశారు. పళ్ళెం తీసుకుని దిగి రాబోయారు.

"అయ్యగారూ," అన్నారు రాహేలమ్మ గారు. ఈ జబ్బులో గొంతు సన్నబడుతుంది. అయినా చివరి చాప వరకూ వినిపించింది. "ఆడే ఉండండి."

ఆయన అక్కడే ఉండిపోయారు. పాట చివరి చరణం అయిపోయింది. పాడేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అదే చరణం మళ్ళీ ఎత్తుకున్నారు.

అప్పుడు ఆవిడ ముందుకు వెళ్ళే ప్రయత్నం మానేశారు. నిటారుగా నిలబడి, ఒంటి బరువు కుడికాలి మీద వేశారు, తర్వాత ఎడమకాలి మీద, మళ్ళీ కుడి. ఇది ఎక్కడో చూశానే అనుకున్నాను. చూడటం కాదు, ఆవిడ చేరిన రోజు నేనే నేర్పాను. బెల్టు రానివాళ్ళకూ వచ్చినవాళ్ళకూ అందరికీ ఇచ్చిన మామూలు వ్యాయామాల్లో అదొకటి: ఆగిపోతే కాలితో కొట్లాడొద్దు, ముందు అటూ ఇటూ ఊగి, తర్వాత అడుగు వెయ్యండి అని. బెల్టు ఇవ్వలేకపోతున్నానన్న మొహమాటంలో దాన్ని తొందర తొందరగా, బాకీ తీర్చేసినట్టు చెప్పిన గుర్తు.

కుడి, ఎడమ, కుడి. ఎడమ పాదం లేచింది. ఆ తర్వాత రెండోది. ఆవిడ వెళ్ళి, పీఠం ముందున్న కమ్మీ పట్టుకుని, చాలాసేపు పట్టినా తనంతట తనే మోకరించారు. లేవటానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. పక్కనున్నామె చెయ్యి అందించబోయి, ఆవిడ చూపు చూసి వెనక్కి తీసుకుంది. బహుశా ఒకప్పటి శిష్యురాలు.

ఆవిడని నడిపించిందేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. దేవుడు అన్నారు పాస్టరు గారు. ఊగడం అని నేననుకున్నాను. తబలా కావచ్చు. సగం రోజులు కట్టుకున్న బెల్టు కాళ్ళకు నేర్పిన అలవాటు కావచ్చు. ఒక్క మనిషి నడకతో ఏదీ తేలదని మేడం అంటారు. అందుకే నాకు ఉద్యోగం ఉంది.

బయటికి వచ్చేసరికి కోటేశ్వరమ్మ గారు అన్ని చెప్పుల్లోంచి రాహేలమ్మ గారి జత వెతికి, కాళ్ళ ముందు పెట్టారు.

"బెల్టు లేకుండానే పోయొచ్చావుగా," అన్నారు.

"పోయొచ్చా."

"మరి ఇన్నాళ్ళూ సగం రోజులు నాకు లేకుండా చేసింది దేనికి వదినా?"

రాహేలమ్మ గారు ఒక చెప్పులో కాలు పెట్టి, రెండోదానికోసం ఆవిడ భుజం పట్టుకున్నారు. "సగం ఇచ్చినందుకే ఇంత మాటంటన్నావు. మొత్తం ఇచ్చుంటే నన్ను బతకనిచ్చేదానివా?"

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. బెల్టు కోటేశ్వరమ్మ గారి నడుముకే ఉంది, బుర్రు బుర్రుమంటోంది. ఆ పక్కనే రాహేలమ్మ గారు, ఆవిడ అడుగుకి అది బుర్రుమన్నప్పుడల్లా తన అడుగు వేస్తున్నారు. ఇది కూడా మేడంకి చెప్పాల్సిన సంగతే. చెప్పాను. కాకపోతే వాళ్ళిద్దరూ వీధి చివర మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు ఫోన్ తీశాను.